మనసులో ఉంటే చాలదు

వనపర్తిలో ఈ మధ్య కట్టిన కాలనీల్లో క్రైస్తవుల ఇళ్లను ఇట్టే గుర్తుపట్టొచ్చు. గుమ్మం మీద గ్రానైట్ పలక, దాని మీద బంగారు రంగు అక్షరాల్లో ఒక వాక్యం. ఎక్కువ ఇళ్లకు అది యెహోషువ గ్రంథం 24వ అధ్యాయంలోనిదే. తానూ తన ఇంటివాళ్లూ ఎవరిని సేవిస్తారో ముసలి యెహోషువ జనం ముందు తేల్చి చెప్పిన మాట అది. పోయిన ఎండాకాలం అలాంటి ఒక ఇంట్లో ప్రతిష్ఠ కూటానికి వెళ్లాను. భోజనాలయ్యాక ఇంటాయన, నాకు వరుసకు బావ, చేతులు తుడుచుకుంటూ అన్నాడు: “కుటుంబ ప్రార్థనలు అవన్నీ మా నాయనతోనే పోయినయి బావా. యాడ తీరుతది? అయినా దేవుడు మనసుల ఉంటె సాలదా?” చుట్టూ ఉన్నవాళ్లంతా తలలూపారు. ఒక సంఘ పెద్ద కూడా ఊపాడు. కొత్త ఇల్లు, సంతోషంగా ఉన్న మనుషులు. అక్కడ వాదన పెట్టుకోవడం మర్యాద కాదని నేను ఊరుకున్నాను. ఇప్పుడు చెప్తున్నాను: చాలదు బావా.

ఇది మా బావ ఒక్కడి మాటే అయితే ఇంత రాయనక్కర్లేదు. గద్వాలలో, నాగర్‌కర్నూల్‌లో, వనపర్తిలో ఏ సంఘంలో ఎవరిని కదిపినా ఇదే మాట. దీని వెనక ఒక వాదం ఉంది, అది తేలిగ్గా తీసేసేది కాదు. దేవుడు హృదయాన్ని చూస్తాడు గానీ పైపై వేషాన్ని కాదు. పదిమందికి కనిపించేలా చేసేది పరిసయ్యుల భక్తి. గదిలోకి వెళ్లి తలుపు వేసుకుని ప్రార్థించమని యేసే చెప్పాడు. కాబట్టి ఇంటిల్లిపాదినీ కూర్చోబెట్టి వాక్యం చదివించడం, డబ్బు దగ్గరా పెళ్లి దగ్గరా పట్టుబట్టడం అంతా పై మెరుగు. అసలు సరుకు లోపల ఉంది. వినడానికి వినయంగా ఉండే మాట కాబట్టే దీన్ని ఎవరూ ఎదిరించరు.

కానీ మత్తయి 6వ అధ్యాయాన్ని ఒకసారి నిదానంగా చదవండి. తలుపు వేసుకోమన్నది మెప్పు కోసం చూసే కళ్లకు దూరంగా ఉండమని. లోపలికి వెళ్లినవాడు ప్రార్థిస్తున్నాడన్నదే ఆ మాటకు ఆధారం. ప్రార్థన మానేసి, అది గదిలో జరుగుతోందని చెప్పుకోమని యేసు ఎక్కడా అనలేదు. మన ఇళ్లలో తలుపు వేసే ఉంది, నిజమే. లోపల మోకరించిన మనిషే లేడు.

మాది పల్లికాయ పండే నేల. యార్డుకు సరుకు వచ్చిన రోజున చూడండి. ఖరీదుదారు కుప్ప పైభాగం చూసి ధర చెప్పడు. మోచేతిదాకా చెయ్యి కుప్పలోకి పోనిచ్చి అడుగు నుంచి గుప్పెడు కాయ తీస్తాడు. ఒక్కొక్కటే బొటనవేలితో చిట్లించి గింజ చూస్తాడు. ఒకటి నోట్లో వేసుకుని పచ్చి ఎంతుందో కొరికి చూస్తాడు. ఎందుకంటే లొట్ట కాయ కూడా పైకి గట్టి కాయలాగే ఉంటుంది. ‘మా కాయలో గింజ ఉంది, నమ్ము, పగలగొట్టొద్దు’ అని ఏ రైతూ అనడు. మనసులో భక్తి ఉందనేవాళ్లం మాత్రం అదే అంటున్నాం. ఆ భక్తిని చిట్లించి చూసే చోటు చర్చి కాదు. ఆదివారం తెల్లబట్టల్లో మనమంతా కుప్ప పైభాగమే. ఇల్లే ఆ చోటు.

మనసులో ఉంటే చాలు అన్న మాట కొత్తదేమీ కాదు. మన తెలంగాణ పల్లెలోనే ఒకసారి ఇది నోటికొచ్చింది, అక్కడే దానికి జవాబు కూడా దొరికింది. 1932లో షంషాబాద్‌లో మిషనరీ ఇంట్లో పుట్టి, పాలమూరు పల్లె మీద 1971లో ‘కొండూరు’ అనే గ్రంథం ప్రచురించిన మానవశాస్త్రవేత్త పాల్ హీబర్ట్, తాను రాసిన ఒక వ్యాసంలో ఈ సంగతి చెప్పాడు. ఒక ఊరికి మశూచి వచ్చింది. పిల్లలు చనిపోతున్నారు. మందులు పనిచేయలేదు. మైసమ్మకు కోపం వచ్చిందని, దున్నపోతును బలివ్వాలని సోది చెప్పేవాడు అన్నాడు. ఊరి పెద్దలు ఇల్లిల్లూ తిరిగి చందా వసూలు చేశారు. క్రైస్తవులు ఇవ్వమన్నారు. ఎంత ఇచ్చారన్నది కాదు, ఊరంతా కలిసిందన్న గుర్తుగా ప్రతి ఇల్లూ ఇవ్వాల్సిందేనని ఊరి పెద్దలు పట్టుబట్టారు. క్రైస్తవులను ఊరి బావిలో నీళ్లు తోడుకోనివ్వలేదు. దుకాణాల్లో సరుకులు అమ్మలేదు. ఆ కష్టం తట్టుకోలేక క్రైస్తవుల్లోనే కొందరు ఒక ఉపాయం చెప్పారు: చందా పైకి ఇచ్చేద్దాం, ఇది మేం నిజంగా ఇచ్చింది కాదని లోపల దేవుడితో చెప్పుకుందాం.

చూశారా? మా బావ కొత్త ఇంట్లో అన్న మాటే ఇది. తేడా ఒక్కటే, అక్కడ గొంతు ఎండుతున్న మనుషులు అన్నారు, ఇక్కడ కడుపునిండా తిన్నాక మనం అంటున్నాం. ఆ ఊరి సంఘ పెద్ద దానికి ఒప్పుకోలేదు. ఇంతలో క్రైస్తవుల పిల్లకే మశూచి సోకింది. ఆ పెద్ద హీబర్ట్ దగ్గరికి నడిచి వచ్చి, బాగుపడాలని ప్రార్థన చేయమన్నాడు. వారానికి ఆ పిల్ల చనిపోయింది. సంఘం పని అయిపోయిందనుకుని హీబర్ట్ దిగులుపడ్డాడు. కానీ ఆ పెద్ద మళ్లీ వచ్చి సంఘం బాగుందన్నాడు. పిల్ల బతికి ఉంటే ఊరు మన దేవుడి శక్తిని ఒప్పుకునేదే గానీ, ఎప్పుడో ఒకప్పుడు ఆమె చావాల్సిందేనని వాళ్లకూ తెలుసు. సమాధి దగ్గర మనకున్న పునరుత్థాన నిరీక్షణ చూశాక అంతకన్నా పెద్ద గెలుపు చూశారని, ఇప్పుడు వచ్చి మన దారి ఏమిటని అడుగుతున్నారని చెప్పాడు.

ఈ సంగతి చెప్పినప్పుడల్లా ఒకటి జాగ్రత్తగా చెప్పాలి. నీళ్లు ఆపడం అన్యాయమే. కానీ మైసమ్మకు మొక్కిన ఇరుగుపొరుగు ఆ రోజు కపటంగా ఏమీ చేయలేదు. వాళ్ల పిల్లలు పోతున్నారు, తాము నమ్మిన దారిలో మనసారా మొక్కారు. ‘పైకి ఇద్దాం, లోపల కాదందాం’ అన్న ఉపాయం మన దేవుణ్నే కాదు, ఆ పొరుగువాళ్లను కూడా మోసం చేసేది. వాళ్ల నమ్మకాన్ని గౌరవించినవాడే అందులో దొంగగా నిలబడలేడు. సర్దుకుపోవడాన్ని మంచితనం అనుకునేవాళ్లు ఇది ఆలోచించాలి.

‘అప్పటి సంగతి వేరు, ఇప్పుడు బతకాలంటే కొన్ని దాచాల్సిందే’ అంటారు. ఇక్కడ నేను కొంత తగ్గుతాను, ఎందుకంటే ఈ దాపరికం మొదట మనం మొదలుపెట్టింది కాదు. రాష్ట్రపతి 1950లో ఇచ్చిన షెడ్యూల్డ్ కులాల ఉత్తర్వు మూడో పేరా, హిందూమతంలో ఉన్నవాళ్లే ఎస్సీలని తేల్చింది. 1956లో సిక్కులను, 1990లో బౌద్ధులను చేర్చారు. క్రైస్తవుణ్ని చేర్చలేదు. బాప్తిస్మం తీసుకున్న మాదిగ బిడ్డ బీసీ-సీ అవుతాడు. వాడలో వాడి ఇల్లు మారదు, ఊళ్లో వాడితో మాట్లాడే తీరు మారదు, సర్టిఫికెట్ మాత్రం మారుతుంది. అందుకే ఎన్నో ఇళ్లలో పిల్లలకు బడిలో ఒక పేరు, సంఘంలో ఒక పేరు. ఫీజు కట్టలేని తల్లి ఎమ్మార్వో ఆఫీసు కిటికీ దగ్గర తలవంచుకుని నిలబడితే ఆమె మీద వేలెత్తే అర్హత నాకు లేదు. ఆ ప్రశ్న ఆమెది కాదు, చట్టానిది. దాన్ని మార్చమని సంఘాలు గట్టిగా అడగాలి, అడుగుతూనే ఉండాలి. నా బాధ వేరే. కాగితం మీద దాచడం అలవాటై, ఎవరూ అడగని చోట కూడా దాస్తున్నాం. అన్నం ముందు కళ్లు మూసుకోవడానికి సొంత ఇంట్లో సిగ్గుపడుతున్నాం. వంటింట్లో ఏ ప్రభుత్వం మన సర్టిఫికెట్ అడిగింది?

ఇక తీరిక. నాకు ఎక్కువ కోపం తెప్పించే మాట ఇదే.

పాలమూరు లేబర్ అంటే దేశమంతా తెలుసు. గుంపు మేస్త్రీ దగ్గర అడ్వాన్సు తీసుకుని, ఏ రాష్ట్రంలో ఆనకట్ట కడుతుంటే అక్కడికి, బొంబాయిలో రోడ్డు వేస్తుంటే అక్కడికి పోయిన జనం మనం. మా అవ్వ అలా పోయిన మనిషే. ఆమెకు చదువు రాదు. గుడారం ముందు మూడు రాళ్ల పొయ్యి, పొద్దంతా తట్ట మోసి నెత్తి మీద అణిగిపోయిన జుట్టు. గట్క దించి, అది చల్లారేలోపు ఆమె పాట ఎత్తుకునేది. ఆంధ్ర క్రైస్తవ కీర్తనల పుస్తకం ఆమె ఎన్నడూ తెరవలేదు, తెరిచినా చదవలేదు. అయినా పురుషోత్తమ చౌదరి కీర్తనలు ఆమెకు చివరి చరణం దాకా వచ్చు. వాడలో పొద్దుగూకాక ఇల్లిల్లూ తిరిగి పాట, ప్రార్థన, పది ఆజ్ఞలు నోటికి నేర్పిన బైబిల్ స్త్రీల చలవ అది. పాట, నోటికొచ్చిన రెండు మూడు వచనాలు, చిన్న ప్రార్థన. ఆ ప్రార్థనలో ఊరుండేది, మేస్త్రీ ఉండేవాడు, ఆ రోజు ఎవరితో కొట్లాడిందో ఆ మనిషి పేరు కూడా ఉండేది. ఆమేన్ అనేసరికి గట్క తినేంత వెచ్చగా ఉండేది. గడియారం లేని మనిషి దేవుడికిచ్చిన సమయానికి అదే కొలత.

మరి ఇప్పుడు? జూరాల నీళ్లొచ్చాయి. భీమా, కల్వకుర్తి ఎత్తిపోతలు వచ్చాయి. వలస పూర్తిగా ఆగలేదు గానీ మునుపటంత లేదు. ఆమె మనవలం టీచర్లమయ్యాం, ఆర్టీసీలో ఉన్నాం, ఒకరిద్దరం హైదరాబాద్‌లో కంప్యూటర్ల ముందు కూర్చున్నాం. తట్ట మోసిన మనిషికి దొరికిన సమయం ఫ్యాను కింద కూర్చున్న మనకు దొరకడం లేదట. ద్వితీయోపదేశకాండం 6వ అధ్యాయంలో పిల్లలకు దేవుడి మాట చెప్పమన్న సందర్భాలు చూడండి: ఇంట్లో కూర్చున్నప్పుడు, దారిన నడుస్తున్నప్పుడు, పడుకునేటప్పుడు, లేచేటప్పుడు. వీటిలో ఏ ఒక్కదానికీ సెలవు పెట్టనక్కర్లేదు. బడికి బండి మీద దింపేటప్పుడు పిల్ల వెనక కూర్చుని అడిగే ప్రశ్నకు జవాబు చెప్పడం దారిన నడవడం కిందికే వస్తుంది. తీరిక చూసి దేవుడికిచ్చే ఇంట్లో దేవుడిది చివరి వరస. తీరిక చివరగా మిగిలేది కాబట్టి.

ఇందులో మగవాళ్లం ఒప్పుకోవాల్సింది ఒకటి ఉంది. ప్రార్థన జరిగే కొద్ది ఇళ్లలో కూడా, అది మొదలైనప్పుడు తల్లి పొయ్యి దగ్గరే ఉంటుంది. “మీరు కూసోండ్రి, అమ్మ ఆడి నుంచే వింటది” అని పిల్లలకు చెప్పి నాయన చదువుతాడు. కుక్కర్ కూతలో వాక్యం ఆమెకు వినపడదు. లూకా 10వ అధ్యాయంలో యేసు, తన పాదాల దగ్గర కూర్చున్న మరియ నుంచి ఆ మంచి భాగాన్ని ఎవరూ తీసుకోరన్నాడు. మనం మాత్రం మార్తను వంటింట్లోనే ఉంచి ఇంటిని క్రైస్తవ గృహం అంటున్నాం. ఆమె చేయి కడుక్కుని వచ్చి కూర్చునేదాకా ఆగితే పోయేది పది నిమిషాలు. ఆమె రాలేకపోతే నాయన లేచి వెళ్లి ఆ రొట్టెలేవో తానే కాల్చొచ్చు.

పిల్లల మాట తెస్తారు. బలవంతం చేస్తే తిరగబడతారు, పెద్దయ్యాక వాళ్లే ఎంచుకుంటారు, ఇప్పుడే రుద్దడం ఎందుకు అని. ఈ వాదంలో కొంత నిజం ఉంది, ఆ నిజం నేను నా ఇంట్లోనే నేర్చుకున్నాను. కొన్నేళ్ల కింద ఒక రాత్రి, చిట్టీ డబ్బుల లెక్క తేడా వచ్చి నా భార్య మీద గట్టిగా అరిచాను. తప్పు నా లెక్కలోనే ఉంది. అది తెలిశాక కూడా ఆమెతో ఒక్క ముక్క అనలేదు. ఎనిమిదిన్నర కాగానే అలవాటు ప్రకారం “రండి, ప్రార్థన” అన్నాను. అందరూ కూర్చున్నారు. ప్రార్థన మధ్యలో ఎందుకో కళ్లు తెరిస్తే, తొమ్మిదేళ్ల నా కూతురు కళ్లు మూసుకోకుండా నన్నే చూస్తోంది. కోపం లేదు, భయం లేదు. చూస్తోంది, అంతే. నా నోట్లో మాట ఆగిపోయింది. అర్పణ బలిపీఠం దగ్గరే వదిలి ముందు వెళ్లి సమాధానపడమని మత్తయి 5వ అధ్యాయంలో ఉన్న సంగతి నేను సండే స్కూల్లో ఎంతమందికి చెప్పి ఉంటాను! ఆ రాత్రి ప్రార్థన ఆపి, పిల్లల ముందే, తప్పు నాదని ఆమెతో చెప్పాను. చెప్పడానికి చాలాసేపు పట్టింది.

అందుకే బలవంతపు భక్తిని నేను సమర్థించను. కానీ ‘ఇంట్లో ప్రార్థన పెడితే వేషం నేర్పినట్టే’ అనేవాళ్లతో కూడా ఒప్పుకోను. ఆ రాత్రి ప్రార్థన లేకపోతే నా తప్పు నిద్రలో కలిసిపోయేది. నా కూతురు కళ్లకు నేను దొరికింది ఆ చాప మీదే. వేషం బయటపడే చోటును మూసేస్తే వేషం పోదు, కనపడకుండా పోతుంది.

పెద్దయ్యాక ఎంచుకుంటారు అన్నదానికి మన సంఘ చరిత్రే జవాబు. పాలమూరులో పనిచేసిన మెన్నొనైట్ బ్రదరెన్ సంఘం పుట్టుక ఎంతమందికి తెలుసు? వాళ్ల పూర్వులు పదహారో శతాబ్దపు యూరప్‌లో పసిపిల్లల బాప్తిస్మం ఒప్పుకోనివాళ్లు. విశ్వాసం ఎవరికి వాళ్లు ఎంచుకోవాల్సిందేనని ప్రాణాలిచ్చారు. 1527లో ఫీలిక్స్ మాంజ్‌ను జూరిచ్‌లో నదిలో ముంచి చంపారు. తర్వాత తరాల్లో ఆ సంఘమే చల్లారింది. తల్లిదండ్రులు మెన్నొనైట్లు కాబట్టి పిల్లలూ మెన్నొనైట్లు, అంతే. అది సహించలేక, నేటి ఉక్రెయిన్‌లోని మెన్నొనైట్ గ్రామాల్లో కొన్ని కుటుంబాలు ఇళ్లలో కూడి వాక్యం చదవడం, ఇళ్లలోనే రొట్టె విరవడం మొదలుపెట్టాయి. 1860 జనవరి 6న 18 మంది ఇంటి యజమానులు కాగితం మీద సంతకాలు పెట్టి విడిపోయారు. ఆ సంఘం నుంచే అబ్రహాం ఫ్రీసెన్ నల్లగొండకు వచ్చాడు. అమెరికాకు వలసపోయిన శాఖ వాళ్లు 1899లో మొదలుపెట్టి మన దిక్కుకు వచ్చారు. నాగర్‌కర్నూల్, వనపర్తి సంఘాల వేరు అక్కడుంది. ఎంచుకునే స్వేచ్ఛ కోసం చచ్చినవాళ్ల వారసులే ఇంట్లో వాక్యం కోసం విడిపోయారు. వాళ్లకు ఈ రెండూ ఒకదానికొకటి అడ్డం కాలేదు. పిల్లకు విశ్వాసం మనం ఇవ్వలేం. కానీ ఎంచుకోవాలంటే ముందు చూసి ఉండాలి కదా. ఏమీ చూపించకుండా ఎంచుకొమ్మనడం, ఖాళీ పళ్లెం ముందు పెట్టి వడ్డించుకొమ్మనడమే. తిమోతి విశ్వాసం ముందు అతని అవ్వ లోయిలో, తర్వాత తల్లి యునీకేలో ఉందని పౌలు రాశాడు. ఆ అవ్వ మనసులోనే దాచుకుని ఉంటే పౌలుకు ఎలా తెలిసేది?

ఉజ్జీవ సభల గురించి ఎక్కువ చెప్పను. మూడు రాత్రుల సభకు మైకులు, లైట్లు, పెద్ద బ్యానరు. వాటికి చందాలు రాసిన కుటుంబాలే ‘ఇంటి సంగతి పాస్టరయ్య చూసుకుంటాడు’ అంటాయి. పాస్టరయ్య మీ ఇంటికి నెలకోసారి వస్తాడు. మిగిలిన ఇరవైతొమ్మిది రోజులు ఆ ఇంట్లో ఉండేది మీరు.

మనసులో ఉంటే చాలు అన్న మాట అసలు రంగు తేలేది మాత్రం పెళ్లి సంబంధం దగ్గర. మన ప్రధానాలు మీరు చూసే ఉంటారు. ముందు గదిలో కుర్చీలు. మధ్యలో బల్ల మీద పళ్లెం, పళ్లెంలో బైబిలు, పక్కన చీర, ఉంగరం, పూలు. పాస్టరయ్య వాక్యం చెప్తాడు, ప్రేమ గురించే చెప్తాడు. స్త్రీల సమాజం పాట పాడుతుంది. ఆమేన్ అనగానే రెండు వైపుల పెద్దలూ లేచి లోపలి గదిలోకి పోతారు. తలుపు దగ్గరికి వేస్తారు. పావుగంట తర్వాత పిల్ల తండ్రి బయటికి వస్తాడు. అతని మొహం చూస్తే ఎన్ని గుంటలు అమ్మాలో అర్థమవుతుంది. కట్నం తీసుకోవడం, ఇవ్వడం 1961 నుంచీ నేరం. మనం దాన్ని కట్నం అనం. ‘పిల్లకు మీరు సంతోషంగా పెట్టుకునేది’ అంటాం. ఆ సంతోషానికి అంకె మాత్రం మనమే చెప్తాం. తీసుకున్న పెద్దమనిషిని అడగండి, దేవుడు మనసులోనే ఉన్నాడంటాడు.

ఆ గదిలోనే ఇంకో మాట కూడా వస్తుంది, ఇంకా మెల్లగా. ప్రభువు బల్ల దగ్గర ఒక్క రొట్టె విరిచి తిన్నవాళ్లమే, సంబంధం దగ్గరికి వచ్చేసరికి మాల, మాదిగ అని విడిపోతాం. పిల్లవాడు మంచివాడు, విశ్వాసి, ఉద్యోగం ఉంది, ‘కానీ’ అంటారు. ఆ ‘కానీ’ తర్వాత వాక్యం ఎవరూ పూర్తి చేయరు. ఊరు మన తాతలను బావి దగ్గరికి రానివ్వలేదని ఏడ్చే మనం, మన ఇంటి గుమ్మం దగ్గర అదే గీత మళ్లీ గీస్తున్నాం. గుమ్మం మీద గ్రానైట్ పలక ఉంటుంది. మన ఇంట్లో మనం ఎవరిని సేవిస్తున్నామో తెలిసేది మాత్రం ఆ లోపలి గది మాటల్లోనే.

మొదట చెప్పిన బావ ఇంట్లో వచ్చే నెల పిల్లవాడి ప్రధానం. పెద్దమనుషుల్లో నా పేరు కూడా రాశారు. ఆమేన్ అయ్యాక అందరూ లోపలి గదికి లేచినప్పుడు నేను లేవను. మాట్లాడేదేదో ఇక్కడే, ఈ బైబిలు ముందే, పిల్ల కూడా వింటుండగా మాట్లాడదాం బావా అని అడుగుతాను.